ఊరు ఎవరిది? పట్నం ఎవరిది?

పట్నం చెడ్డది, పల్లె మంచిదని ఎప్పట్నించో వింటున్నాం. ఆ మాటల్లో ఊరుంది గానీ వాడ లేదు. 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ గ్రామాన్ని కాదని వ్యక్తిని ప్రమాణంగా తీసుకోవడాన్ని సమర్థించింది అందుకే.

మా లెక్కకు ఆధారం కారంచేడు. మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైన తగువు, 1985 జూలై 17న భూస్వాముల దాడిలో ఆరుగురు మాదిగల ప్రాణాలు తీసింది. బతికినవాళ్లు పక్కనున్న చీరాల చేరారు. తిరిగి ఊరికి రమ్మంటే రామన్నారు. వాళ్ల శిబిరమే ఉద్యమ కేంద్రమైంది. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. తర్వాత చీరాలలోనే విజయనగర్ కాలనీ వెలిసింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినప్పుడు మిగిలినవాళ్లకు తెనాలి ఆశ్రయమైంది.

పట్నంలో కులం లేదని మేం అనడం లేదు. హైదరాబాదులో అద్దె ఇంటికి పోతే "మీరేవిట్లు?" అని మమ్మల్నీ అడిగారు. కాకపోతే పల్లెలో కూలి ఇచ్చేదీ, తగువు తీర్చేదీ, దారి మూసేదీ ఒకే చెయ్యి. పట్నంలో అవి వేర్వేరు చేతులు. ఆ సందులోంచే కారంచేడు జనం "రాం" అనగలిగారు.

అంతమాత్రాన ఊరు వదలడమే విముక్తి కాదు. భూమిని దొరలకే వదిలి రావడం సగం ఓటమే. పట్నంలో గూడూ, ఊళ్లో భూమీ, రెండూ మన హక్కే.