కాపీ పెన్సిలు పుట్టుపూర్వోత్తరములు

ముద్దనూరు, ఎర్రగుంట్ల ప్రాంతములలో నాపబండను కొలతకు కోయవలసిన పనివాడు మామూలు పెన్సిలును చేతబట్టడు. నల్లరాతిపై నల్లగీత కానరాదు గనుక బలపమో సుద్దముక్కయో వెదకుకొనును. వడ్రంగి పెన్సిలు బల్లపరుపుగా నుండుట వాలుచెక్కపై దొరలిపోకుండుటకు. దాని ములుకు వెడల్పుగా నుండుట గరుకు పేళ్లపై విరుగకుండుటకు. పాత పెన్సిళ్లను ప్రోగుచేయు రసికులు పెక్కుమంది రంగుపూతలను, కంపెనీ ముద్రలను జూచి మురియుదురు గాని, పనిని బట్టి పుట్టిన పెన్సిళ్లలో విచిత్రచరిత్ర గలది నా దృష్టిలో కాపీ పెన్సిలే.

ఆవిరియంత్రముతో ప్రసిద్ధుడైన జేమ్స్ వాట్ 1780లో ఉత్తరములకు నకలు దీయు ఉపాయమునకు కూడ పేటెంటు పొందెను. ప్రత్యేకమైన సిరాతో వ్రాసిన కాగితముపై తడిపిన పలుచని కాగితము నుంచి మరలో నొత్తినచో అక్షరములు దానికంటును. కచేరీలకు ఇది మిక్కిలి యక్కరకు వచ్చినది. కాని పెన్సిలు వ్రాత అట్లు అంటదు సరిగదా, రబ్బరుతో రుద్దినచో మాసిపోవును. సిరాబుడ్డి బెడద లేకయే సిరా స్థిరత్వము కావలెనన్న కోరిక తీరుటకు మరి తొంబదియేండ్లు పట్టెను. 1856లో లండనులో పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు క్వినైను చేయబోయి తారునుండి ఊదారంగును సాధించుటతో అనిలిన్ రంగుల యుగ మారంభమయ్యెను. 1870 ప్రాంతముల తరువాత పెన్సిలుకారులు ఆ జాతి రంగును గ్రాఫైటుతోను, మట్టితోను గలిపిరి; అట్లు పుట్టినదే కాపీ పెన్సిలు. మామూలు పెన్సిలు చేయు 1795 నాటి కోంటే పద్ధతిలో ములుకును కొలిమిలో కాల్చుదురు. ఇచట కాల్చిన రంగు మాడిపోవును గావున బంకతో ముద్దచేసి ఆరబెట్టవలసి వచ్చెను.

కాలము కలిసివచ్చినది. మద్రాసునుండి కడప, ముద్దనూరుల మీదుగా సాగిన ఇనుపదారి 1871 నాటికి రాయచూరు చేరి బొంబాయి మార్గముతో గలిసెను; 1879లో మన దేశమున పోస్టుకార్డును, 1880లో మనియార్డరును వచ్చెను. రసీదులు, పట్టీలు పెరిగినకొలది తుడిచిన పోని పెన్సిలుకు గిరాకి పెరుగుట సహజమే గదా. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలోని సిపాయిలు ఇండ్లకు జాబులు వ్రాసినదియు తరచుగా దీనితోనే.

ఆ వ్రాతను పరికించిన, వ్రాసినవాని నాలుక కూడ కనబడును. ములుకును నోట తడిపి వ్రాసిన మొదటి నాలుగుమాటలు చిక్కని ఊదాగా నుండి, తడి యారినకొలది బూడిదరంగులోనికి దిగి, మరల తడిపినచోట గుప్పున నూదాయై లేచును. పెదవులును ఆ రంగే! అది విషప్రాయమైన రంగు; ములుకు తునక కంటబడి గాయపడినవారిని గూర్చి వైద్యులు వ్రాసియున్నారు.

కార్బను కాగితము, బాల్‌పెన్ను వచ్చి దీని ప్రాభవము నడచినవి. ఇటలీలో మాత్రము నేటికిని ఓటరు తుడిచిన పోని ఈ పెన్సిలుతోనే బ్యాలెటుపై గుర్తు పెట్టును.

అంగడిలో పాతసామానుల నడుమ దీనిని గుర్తించుటకు ములుకును చెక్కి, ఆ పొడిపై నీటిబొట్టు వేసిన చాలును. ఊదా పొంగునేని అదియే. చెక్కిన చేతిని వెంటనే కడుగుకొనవలెను, పెన్సిలును తడి సోకనిచోట నుంచవలెను. రాయలసీమ పొడిగాలి యందుకు అనుకూలమే గాని, ముసురు దినములలో డబ్బా మూత బిగించుట మరవరాదు.