పొగగొట్టంలో కొయ్య: పనితనం, పనితీరు – ఒక చారిత్రక పరిశీలన

దక్కను హస్తకళల చరిత్రలో హుక్కాకు గౌరవప్రదమైన స్థానం ఉంది. అయితే ఆ గౌరవం హుక్కా మొత్తానికి దక్కలేదు. నీరు నింపే అడుగుపాత్రకే దక్కింది. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం మొదలుకొని విదేశీ సంగ్రహాల వరకు బిదరీ హుక్కాలుగా పేరుపొందినవి చాలావరకు అడుగుపాత్రలే. పైనుండే చిలుమును ఆ పాత్రతో కలిపిన నిలువు గొట్టం వాటితోపాటు మిగిలిన సందర్భాలు తక్కువ. ఆ గొట్టాన్ని తరచుగా కొయ్యతోనో వెదురుతోనో చేసేవారు. పొగ తాగేవారి ఊపిరి సాగిన దారి అదే. పనిముట్టులో పనిచేసిన భాగం పోయి, కంటికి ఇంపైన భాగం మిగిలినప్పుడు ఆ వస్తువు చరిత్రను దేని ఆధారంగా రాయాలన్నది ఈ వ్యాసం చర్చించే ప్రశ్న.

ఈ చర్చకు రెండు మాటలను విడదీసుకోవడం అవసరం. చెక్కడం, పొదగడం, నునుపు తేల్చడం పనితనం. గాలి సులువుగా లాగడం, పొగ చల్లబడటం, చేతికి వేడి తగలకపోవడం, వస్తువు ఒరగకుండా నిలవడం పనితీరు. మన కళాచరిత్ర రచన మొదటిదాన్ని విస్తారంగా వర్ణించింది, రెండవదాన్ని దాదాపుగా విస్మరించింది.

చరకుడి కొలమానం

పనితీరును కొలిచే ప్రమాణాలు మన శాస్త్రసంప్రదాయానికి కొత్తవి కావు. చరకసంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయంలో ధూమపానవిధి ఉంది. అది పొగాకు ఎరుగని కాలపు వైద్యవిధి. అక్కడి పొగ ఓషధులతో చేసిన వత్తినుంచి వచ్చేది. ఆ పొగను పీల్చే గొట్టానికి ధూమనేత్రమని పేరు. అది తిన్నగా, మూడు భాగాలుగా ఉండాలనీ, కొనరంధ్రం రేగుగింజ ప్రమాణంలో ఉండాలనీ గ్రంథం నిర్దేశించింది. పొడవు వాడకాన్ని బట్టి మారుతుంది: విరేచనధూమానికి 24 అంగుళాలు, స్నేహధూమానికి 32, నిత్యం వాడే ప్రాయోగికధూమానికి 36. ఇవి తాగేవారి వేళ్లతో కొలిచే అంగుళాలు. నేత్రాన్ని వస్తినేత్రానికి చెప్పిన ద్రవ్యాలతో చేయవచ్చు. ఆ పట్టికలో బంగారం, వెండి, రాగి, దంతాలతోపాటు కొయ్య, వెదురు కూడా ఉన్నాయి.

ఇక్కడ గమనించదగింది కొలతలకు చూపిన కారణం. దూరంనుంచి వచ్చి, కణుపుల దగ్గర వేగం విరిగి, గొట్టంలో పలచబడిన పొగ ఇంద్రియాలను బాధించదన్నది చరకుడి వివరణ. దూరం, కణుపు, సన్నదనం అనే మూడూ పనితీరుకు చెందిన ప్రమాణాలే. బంగారు నేత్రానికీ వెదురు నేత్రానికీ కొలత ఒక్కటే. ద్రవ్యం వెల గొట్టం గుణాన్ని నిర్ణయించలేదు.

బిజాపూరు నుంచి వచ్చిన గొట్టం

పొగాకు పోర్చుగీసువారి ద్వారా భారతదేశానికి వచ్చి, దక్కనులో ముందుగా వేళ్లూనుకొంది. 17వ శతాబ్ది తొలి ఏళ్లలో అసద్ బేగ్ బిజాపూరునుంచి పొగాకునూ, పొగ తాగే సరంజామానూ అక్బరు కొలువుకు తీసుకువెళ్లిన వృత్తాంతాన్ని తానే రాసిపెట్టాడు. అతను వర్ణించిన గొట్టం మూడు మూరలది. రెండు కొనలకూ రత్నాల అలంకరణ ఉంది. వైద్యగ్రంథాల్లో లేని ద్రవ్యమంటూ ఆస్థానవైద్యుడు అభ్యంతరం తెలిపాడు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు. నిషేధం నిలవలేదు.

మూరకు 24 అంగుళాల లెక్కన చరకుడి ప్రాయోగికనేత్రం మూరన్నర. అసద్ బేగ్ గొట్టం దానికి రెట్టింపు. దీన్నిబట్టి ఒకటి మరొకదానికి మూలమని చెప్పలేం. పొగను చల్లార్చాలంటే దారిని పొడిగించాలన్న తెలివి మాత్రం రెండుచోట్లా ఉంది. అయితే రెండవచోట కొలతతోపాటు రత్నాలు కూడా వర్ణనలోకి వచ్చాయి. చూపు పనితీరునుంచి పనితనం వైపు మళ్లడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

కొబ్బరిచిప్ప, బిదరీ పాత్ర

హుక్కాకు పారశీకంలో వాడుకైన నార్గీలే అన్న పేరు కొబ్బరికాయను తెలిపే మాటనుంచి వచ్చింది. దాని వెనుక నారికేళశబ్దం ఉంది. సామాన్యుల హుక్కాకు నీటిపాత్ర కొబ్బరిచిప్పే. తెలుగులోని గుడగుడ అన్న పేరు ఆకారాన్నిబట్టి కాక చప్పుడునుబట్టి పుట్టింది. చప్పుడు నీరు సరిగా ఉన్నదనడానికి, గాలి ఆడుతున్నదనడానికి గుర్తు. వాడినవారు వస్తువుకు పనితీరునుంచి పేరు పెట్టారు. సంగ్రాహకులు ఊరినుంచి, లోహంనుంచి పెట్టారు.

1956 వరకు హైదరాబాదు రాజ్యంలో ఉన్న బీదరు ఈ లోహపు పనికి కేంద్రం. తుత్తునాగం ఎక్కువగా, రాగి కొద్దిగా కలిపి పోతపోసి, వెండి పొదిగి, కోటమట్టితో చేసిన ద్రావణంలో నలుపు తేలుస్తారు. నల్లని నేలమీద వెండి మెరుపే దీని పనితనం. పనితీరు విషయంలోనూ బిదరీలో ఒక పరిణామం ఉంది. 17వ శతాబ్ది పాత్రలు బంతిలా గుండ్రనివి. కుదురుమీద తప్ప నిలవవు. 18వ శతాబ్దిలో అడుగు వెడల్పైన గంట ఆకారం వ్యాపించింది. కుదురుతో అవసరం తీరింది. ఈ మార్పును శైలిగా మాత్రమే చూస్తే దాని కారణాల్లో ముఖ్యమైనది దాటిపోతుంది. బరువైన లోహం పొడవైన గొట్టాన్ని ఒరగకుండా నిలిపింది; తేలికైన కొబ్బరిచిప్ప చేతిలో పట్టుకొని తిరగడానికి అనువైంది. పోలికలో ఏదీ పూర్తిగా గెలవదు. దేని వాడుకకు అది తగింది.

కొయ్య చేసిన పని

చిలుములోని నిప్పు పైన, నీరు కింద. నడుమ ఉన్నది కొయ్య. కొయ్య వేడిని త్వరగా ప్రసరింపనీయదు కనుక పట్టుకొన్న చేతికి సెగ తగలదు. తడికి ఉబ్బుతుంది కనుక అతుకుల్లో గాలి కారదు. ఆ గుణమే మితిమీరితే పగులుతుంది. లక్క వేడికి మెత్తబడుతుంది కనుక లక్కపూత వేసిన భాగం నిప్పుకు దూరంగా ఉండాలి. ఏటికొప్పాకలో అంకుడుకర్రను తరిణిమీద తిప్పి, రాపిడివేడితో లక్క పట్టించే పని చూసినవారికి ఈ లెక్క సులభంగా బోధపడుతుంది.

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగరకు పొరుగున ఉన్న జనగామ జిల్లాలో పెంబర్తి ఉంది. అక్కడి ఇత్తడి పనివారు దేవాలయ వాహనాలకు, తలుపులకు రేకు తొడుగులు చేస్తారు. లోపల బరువు మోసేది కొయ్య, బయట కనిపించేది లోహం. కీర్తి తొడుగుకే దక్కుతుంది. హుక్కా చరిత్రలోనూ జరిగింది ఇదే.

పనిముట్టు లేని పొగ

మహబూబాబాద్, భూపాలపల్లి అడవుల తునికాకు బీడీకి ఆధారం. ఇక్కడ గొట్టమే కాలిపోతుంది. దూరం వేలెడు, కణుపు లేదు. చుట్టదీ అదే స్థితి. 'కన్యాశుల్కం' నాటకంలో గిరీశం చేతిలో కనిపించేది చుట్టే, హుక్కా కాదు. ఉత్తరాంధ్రలో స్త్రీలు నిప్పుకొనను నోట్లో పెట్టుకొని తాగే అడ్డపొగలో దూరం శూన్యం. అంగిలి క్యాన్సరుకు ఆ అలవాటుతో ఉన్న సంబంధాన్ని వైద్యపరిశోధనలు నిరూపించాయి. చరకుడి మూడు ప్రమాణాలూ లేనిచోట దేహం చెల్లించిన మూల్యం ఇది.

అంతమాత్రాన ప్రమాణాలు పాటించిన పొగ నిరపాయకరమని కాదు. నీరు పొగను చల్లారుస్తుందే గాని విషాలను వడగట్టదు. బొగ్గునుంచి పుట్టే కార్బన్ మోనాక్సైడు నీటిని దాటి వస్తుంది. చల్లని పొగను లోతుగా పీల్చగలగడం మరింత ప్రమాదం. ఆకును కాల్చకుండా వేడిగాలితో ఆవిరి తీసే నేటి కొయ్య వేపరైజర్ల తయారీదారులు కూడా దారి పొడవు, గాలి ఆట, చేతికి తగిలే వేడి గురించే మాట్లాడతారు. విద్యుత్తుతో పనిచేసే ఇటువంటి పరికరాలను మన దేశంలో 2019 నాటి చట్టం నిషేధించింది. తెలంగాణ 2024లో హుక్కా కేంద్రాలను నిషేధించింది. పనితీరు బాగుండటం వేరు, ఫలితం మేలు కావడం వేరు. ఈ భేదం పాటించకపోతే వస్తుచరిత్ర ప్రకటనగా మారుతుంది.

ఉపసంహారం

అద్దాల బీరువాలో మిగిలిన దాన్నిబట్టి మాత్రమే హుక్కా చరిత్ర రాస్తే అది లోహకారుల చరిత్ర అవుతుంది. గొట్టం తొలిచిన వడ్రంగి, చిలుము కాల్చిన కుమ్మరి, చిప్ప నునుపు చేసిన అనామకుడు అందులో ఉండరు. వారి పని నిలవకపోవడానికి పనితనం లోపం కారణం కాదు. వాడుకలో అరిగి, పగిలి, పొయ్యిలోకి పోవడం దాని స్వభావం. వారి జాడ శాస్త్రగ్రంథాల కొలతల్లో ఉంది, గుడగుడ, కుదురు, కణుపు వంటి మాటల్లో ఉంది. ఆ మాటలను సేకరించి, ఒక్కొక్క మాట వెనుక ఉన్న పనిని గుర్తించడం తెలుగు పరిశోధకుడి బాధ్యత. మ్యూజియం భద్రపరచలేని కొయ్యను భాష కొంతవరకు భద్రపరిచింది.