బ్రైటన్ స్విమ్మింగ్ క్లబ్ చరిత్ర సేకరణ

ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని బ్రైటన్‌లో 1860లో ఏర్పడిన ఈత సంఘానికి చెందిన పత్రాలు, ఛాయాచిత్రాలు, సభ్యుల జ్ఞాపకాల సముదాయమే ఈ సేకరణ. ఆ దేశంలో నేటికీ నడుస్తున్న అతి పాత ఈత సంఘాల్లో ఇది ఒకటి. సభ్యులు బ్రైటన్ గులకరాళ్ల తీరం నుంచి, చలికాలంలో కూడా, ఇంగ్లిష్ ఛానల్ జలాల్లో ఈదుతారు. క్రిస్మస్ నాటి ఈత వీరి పాత ఆనవాయితీ.

సేకరణలో విశిష్టమైనది 1863 నాటి బృందచిత్రం. బెంజమిన్ బాథమ్ తీసిన ఆ ఫొటోలో ఈతగాళ్లు ఈత దుస్తులతో, తలపై ఎత్తైన టోపీలతో కనిపిస్తారు. విక్టోరియా కాలపు సముద్రస్నాన సంస్కృతికి ఇంత స్పష్టమైన ప్రత్యక్ష సాక్ష్యం అరుదు.

సంఘం పత్రాలు ఈస్ట్ ససెక్స్ రికార్డు కార్యాలయంలో ఉన్నాయి. 2013లో ప్రారంభమైన ‘ది కీప్’ భవనం ఆ కార్యాలయానికి నెలవు. పరిశోధకులతోపాటు సాధారణ పాఠకులూ అక్కడి పఠనమందిరంలో పత్రాలను చూడవచ్చు.