టాటానగర్‌లో రైలెక్కిన మశూచి

1974 మొదటి నెలల్లో బీహార్‌ను ఊపేసిన మశూచికి జంషెడ్‌పూర్ ఒక పెద్ద కేంద్రం. అప్పటికింకా ఝార్ఖండ్ రాష్ట్రం లేదు. సింగ్‌భూం జిల్లా బీహార్‌లోనే ఉండేది. ఉక్కు కర్మాగారం, టాటా మెయిన్ హాస్పిటల్, వాటి చుట్టూ సాక్చి, సీతారాండేరా లాంటి పేటలు. ఆదివాసీలు, ఒరియా, బెంగాలీ కార్మికులతో పాటు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వలస వచ్చిన తెలుగువాళ్లూ ఆ ఊళ్లో స్థిరపడ్డారు. డాక్టర్లకు కొదవ లేదు. జబ్బూ కొత్తది కాదు. అయినా అది అక్కడి నుంచే ఊరూరా పాకింది.

మశూచిని గుర్తుపట్టడం ఆనాటి వైద్యులకు కష్టమేమీ కాదు. పొక్కులు ముఖం మీద, చేతులు కాళ్ల మీద దట్టంగా లేచి, అరచేతులకూ అరికాళ్లకూ వ్యాపించి, అన్నీ ఒకే దశలో ఉంటే అది పెద్దమ్మవారు. ఛాతీ, వీపు మీద ఎక్కువై, కొన్ని ఎండుతుంటే కొన్ని కొత్తగా లేస్తుంటే ఆటలమ్మ. చిక్కల్లా మరోచోట ఉంది. 1962లో మొదలైన జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం ఎన్ని టీకాలు వేశారన్న లెక్క మీదే నడిచింది. కేసులు ఎక్కువ చూపిస్తే పైవాళ్ల చేత చీవాట్లు, తక్కువ చూపిస్తే శెభాష్. దాంతో సగానికి పైగా కేసులు రిజిస్టరు దాకా రానేలేదు. మశూచి దేవత శీతలామాత కోపమని ఇళ్లలో రోగులను దాచారన్నది నిజమే. కానీ నింద మొత్తం జనం మీదే వేయడం న్యాయం కాదు.

1973 మధ్యకు ఈ జబ్బు స్థిరంగా ఉన్నవి ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్, మధ్యప్రదేశ్ మాత్రమే. ఆ ఏడాది శరదృతువు నుంచి ఇంటింటి గాలింపు మొదలైంది. పొక్కులున్న పసిబిడ్డ రంగుల ఫొటో అతికించిన కార్డు చూపించి, ఇలాంటివాళ్లు ఎక్కడైనా ఉన్నారా అని అడిగేవారు. దాంతో దాగిన కేసులు పెద్దఎత్తున బయటపడ్డాయి. 1974లో దేశం మొత్తం మీద నమోదైనవి 1,88,003 కేసులు, 31,262 మరణాలు.

జంషెడ్‌పూర్ రైల్వే స్టేషన్ టాటానగర్ జంక్షన్‌కు వచ్చిన చిక్కు వేరు. వైరస్ ఒంట్లో చేరాక జ్వరం రావడానికి సుమారు 12 రోజులు పడుతుంది. ఈలోగా మనిషి చూడ్డానికి బాగానే ఉంటాడు, రైలెక్కుతాడు, సొంత ఊళ్లో మంచాన పడతాడు. జబ్బు తగిలాక సేవ చేసేవాళ్లుంటారని ఇంటిదారి పట్టినవాళ్లూ ఉన్నారు.

ఆ వేసవిలో బీహార్ ఆరోగ్యమంత్రి, రోగులను గాలించి వాళ్ల చుట్టుపక్కలే టీకాలు వేసే పద్ధతి మానేసి మళ్లీ అందరికీ టీకాలు వేయాలని పట్టుబట్టారు. వైద్యుల్లో చాలామందికీ అదే సబబనిపించింది, వాళ్లు నేర్చుకున్నదీ అదే. ఆ సమావేశంలో ఒక యువ వైద్యుడు లేచి, మా ఊళ్లో ఇల్లు అంటుకుంటే ఆ ఇంటి మీదే నీళ్లు పోస్తారు, మిగతా ఇళ్ల మీద కాదన్నాడని అమెరికన్ వైద్యుడు విలియం ఫేగీ తన జ్ఞాపకాల్లో రాశారు. మంత్రి ఒక నెల గడువిచ్చారు. ఆ నెలలోనే కేసులు దిగడం మొదలైంది.

జంషెడ్‌పూర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున పనిచేసిన యువ వైద్యుడు లారీ బ్రిలియంట్ టాటా సంస్థ సాయం కోరారు. కంపెనీ పెద్దలు రూసీ మోదీ, జె.ఆర్.డి. టాటా సరేనన్నారు. కంపెనీ డాక్టర్లు, సిబ్బంది, జీపులు రంగంలోకి దిగాయి. పని చెప్పుకోవడానికి తేలిక, చేయడానికే విసుగు: రోగి ఇంటి ముందు కాపలా, వచ్చిపోయేవాళ్ల జాబితా, చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ టీకా. రెండు కొనల సూదిని మందులో ముంచి భుజం మీద 15 సార్లు పొడవాలి. రోగులను ఆసుపత్రిలో చేర్చకుండా ఇంట్లోనే ఉంచమన్నది కొందరు వైద్యులకు మింగుడుపడలేదు. కానీ అంటురోగాల వార్డుల నుంచే జబ్బు పాకిన సందర్భాలు దేశంలో అనేకం.

బీహార్‌లో చివరి కేసు 1975 మేలో కతిహార్ జిల్లాలో కనిపించింది. ఆ నెల 24న అస్సాంలోని కరీంగంజ్‌లో కనిపించిన సాయిబాన్ బీబీయే దేశంలో చివరి రోగి. ఆ తరువాత కేసు చూపించినవారికి 1000 రూపాయల బహుమతి ప్రకటించినా ఎక్కడా దొరకలేదు. 1977 ఏప్రిల్‌లో భారత్‌కు మశూచి విముక్త దేశమన్న ధ్రువీకరణ దక్కింది.