ముంగిసల దీవిలో పొదుగు బాతు

మన దేవరాపల్లి నుంచి ఎవరు ఫోన్ చేసినా ఫిజీ గురించి రెండే అడుగుతారు. సముద్రం మీ ఇంటికి ఎంత దూరం? మనవాళ్లు అంత దూరం ఎలా వెళ్లిపడ్డారు? మొదటిదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేస్తాను. రెండోది చెప్పాలంటే మాత్రం బాతు దగ్గర మొదలుపెట్టాలి. నవ్వితే నవ్వండి. ఈ దేశం కథంతా చెరకు చుట్టూ తిరిగింది. ఇక్కడ చెరకు రైతు పెరట్లోకి అడుగుపెడితే ముందు ఎదురొచ్చేది బాతే.

మనకి తెలిసిన బాతు వేరు. కోతలైన మడుల్లోకి మందలుగా తోలుకొచ్చే ఆ బాతులు తెల్లారేసరికి ఎక్కడ పడితే అక్కడ గుడ్డు వదిలేసి నడిచిపోతాయి. పొదగాలన్న ధ్యాస వాటికి బాగా తక్కువ. అందుకే పిల్లలు కావాలంటే ఆ గుడ్లు కోడిపెట్ట కింద పెడతారు. తర్వాత ఆ పిల్లలు చెరువులోకి దిగిపోతుంటే పాపం కోడి గట్టు మీద గోలగోలగా తిరుగుతుంది.

ఫిజీ పెరటి బాతు మస్కోవీ. పేరు విని మాస్కో అనుకోకండి, దాని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. కొలంబస్ రాకముందే అక్కడి ఆదివాసులు దీన్ని మచ్చిక చేసుకున్నారు. తర్వాత ఐరోపా వాళ్ల ఓడలెక్కి లోకమంతా చుట్టింది. ముఖం మీద ఎర్రటి కండ బొడిపెలు ఉంటాయి. పోతు నాలుగైదు కిలోలు తూగుతుంది, పెట్ట అందులో సగం. మామూలు బాతులా గట్టిగా అరవదు. పోతు బుసకొడుతుంది, తల ముందుకీ వెనక్కీ ఊపుతుంది, తోక ఆడిస్తుంది, అంతే. కాలికి గట్టి గోళ్లున్నాయి, చీకటి పడితే కొమ్మెక్కి కూర్చుంటుంది. చెరువు లేకపోయినా ఒక టబ్బుడు నీళ్లతో సర్దుకుపోతుంది.

పొదగడంలో దీన్ని మించినది నేను చూళ్లేదు. అడవిలో చెట్టు తొర్రల్లో గుడ్లు పెట్టే జాతి కాబట్టి పెట్టకి చీకటిగా, ఇరుగ్గా, ఒక్క దారే ఉన్న చోటు కావాలి. మా పక్కింటి ఆజీ (ఇక్కడి హిందీలో నానమ్మని అలాగే పిలుస్తారు) పాత ఇనుప డ్రమ్మొకటి అడ్డంగా పడుకోబెట్టి, కింద దుంగలు వేసి నడుమెత్తుకి లేపించింది. లోపల ఎండు చెరకాకు పరిచింది. పెట్ట దాదాపు రోజుకొకటి చొప్పున గుడ్డు పెట్టి, మీద ఆకు కప్పి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి తిరుగుతుంది. అప్పుడే పొదగదు. వెచ్చదనం తగలనంతసేపు గుడ్డులోని ప్రాణం ఎదగకుండా ఆగి ఉంటుంది. పది, పన్నెండు, ఒక్కోసారి పదిహేను దాకా పోగయ్యాక పెట్ట తన రొమ్ము మీది నూగు తానే పీక్కుని గూట్లో పరుస్తుంది. చెరకాకు మధ్య తెల్లగా ఆ నూగు కనిపించిందంటే ఇక అది పొదుగు మీద ఉన్నట్టే. మొదటి గుడ్డుకీ చివరి గుడ్డుకీ రెండు వారాలు తేడా ఉన్నా పిల్లలన్నీ ఇంచుమించు ఒకేసారి బయటపడేది ఇందుకే. అన్నిటికీ వేడి తగిలింది ఒక్క రోజునే.

కోడికి 21 రోజులు, మామూలు బాతుకి 28, దీనికి 35. కొత్తగా పెంచేవాళ్లు 28 దాటగానే మురిగిపోయాయని గుడ్లు తీసి పారేస్తారు. ఆజీ అయితే గోడ క్యాలెండర్ మీద పెన్సిల్‌తో చుక్క పెట్టుకుని, మనం తొందరపడితే "దానికి లేని ఆత్రం నీకెందుకు బేటా" అంటుంది.

ఆ 35 రోజులూ పెట్ట రోజుకి ఒక్కసారి, ఎక్కువగా సాయంత్రం పూట, లేస్తుంది. లేచే ముందు నూగంతా ముక్కుతో గుడ్ల మీదికి లాక్కుని, పిల్లకి దుప్పటి కప్పినట్టు అంచుల దాకా సర్దుతుంది. దిగగానే రోజంతా బిగబట్టుకున్నదంతా ఒకేసారి వదులుతుంది. ఆ కంపు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. గూట్లో మాత్రం చుక్క పడనివ్వదు. దిగాక ఎదురొచ్చిన ప్రతి బాతునీ కసురుతుంది, నూకలు గబగబా మింగుతుంది, టబ్బులో ఒక్క మునక వేసి రెక్కలు విదిలించుకుని పావుగంటకో అరగంటకో తిరిగి డ్రమ్మెక్కుతుంది. తడి పొట్టతోనే గుడ్ల మీద కూర్చుంటుంది. ఆ తడికి పని ఉంది. పొదిగినన్ని రోజులూ గుడ్డులోని నీరు పెంకులోంచి కొద్దికొద్దిగా ఆరుతూనే ఉండాలి, కానీ మరీ ఆరిపోతే లోపలి పొర ఎండి పిల్లకి అంటుకుపోతుంది. మెషిన్లలో ఈ జాతి గుడ్లు పొదిగించేవాళ్లు రోజూ కాసేపు చల్లార్చి, నీళ్లు తుంపర కొట్టేది అందుకే. సాయంత్రం పూట పెట్ట చేసే పనినే కరెంటు ఖర్చు పెట్టి వాళ్లు చేస్తారు.

ఇక డ్రమ్ము నడుమెత్తులో ఎందుకుందో చెప్పాలి. ముంగిస వల్ల.

ఇక్కడ చెరకు తోటల మధ్య రోడ్డు మీద వెళ్తుంటే పట్టపగలు ముంగిస అడ్డం పరిగెత్తని రోజుండదు. మనకి ముంగిస ఎదురైతే శకునం. ఫిజీలో అది దిగుమతి సరుకు. చెరకు గడలు కొరికేస్తున్న ఎలుకల్ని తింటుందని 1883లో మన దేశపు ముంగిసని తెచ్చి తోటల్లో వదిలారు. ఎలుక ఎక్కువగా రాత్రి తిరిగేది, ముంగిస పగలు తిరిగేది. ఈ చిన్న సంగతి దాన్ని తెచ్చిన దొరలకి ఎందుకు తట్టలేదో మరి. ముంగిసకి ఎలుకల కన్నా సులువుగా గుడ్లూ కోడిపిల్లలూ నేల మీద గూడు కట్టే పక్షులూ దొరికాయి. పెద్ద దీవుల్లో అలాంటి పక్షులు కొన్ని కనుమరుగయ్యాయి. ముంగిస చేరని తవేయుని లాంటి దీవుల్లోనే అవి మిగిలాయి. తర్వాత పురుగుల్ని తింటాయని మన గోరింకల్ని తెచ్చారు. 1936లో చెరకు పురుగుల కోసమే హవాయి నుంచి విషపు కప్పని తెచ్చారు. అదీ ఇప్పుడు వానపడితే ఇంటి మెట్ల మీదే ఉంటుంది.

ఈ వరసలోనే, చెరకు కోసమే, మనుషుల్నీ తెచ్చారు.

ఫిజీ పెద్దలు 1874 అక్టోబరు 10న తమ దీవుల్ని బ్రిటన్‌కి అప్పగించారు. గవర్నర్‌గా వచ్చిన ఆర్థర్ గోర్డన్ రెండు కట్టుబాట్లు పెట్టాడు. స్థానికుల భూమి అమ్మకూడదు, వాళ్లని ఊళ్లలోంచి లాక్కొచ్చి తోటల్లో పెట్టకూడదు. నా మటుకు నాకు ఇది మంచి నిర్ణయమే అనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో, హవాయిలో స్థానికుల భూములకి పట్టిన గతి చూస్తే ఎవరైనా అదే అంటారు. కానీ సర్కారు నడవడానికి డబ్బు కావాలి, డబ్బుకి చెరకు కావాలి, చెరకుకి చేతులు కావాలి. ఆ చేతులు కలకత్తాలో ఓడెక్కాయి. మొదటి ఓడ లియొనిడాస్ 1879 మే 14న ఫిజీ చేరింది. కొన్నాళ్లకే సిడ్నీకి చెందిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ, అందరూ సి.ఎస్.ఆర్. అనేది, వచ్చి మిల్లు తర్వాత మిల్లు కట్టింది. నౌసోరిలో 1882లో, బా దగ్గర రరవైలో 1886లో, లంబాసాలో 1894లో.

మద్రాసు రేవు నుంచి ఓడలు రావడం 1903లో మొదలైంది. లౌటోకా మిల్లు తిరగడం మొదలుపెట్టిందీ ఆ ఏడే. 1916లో ఓడలు ఆగేసరికి మొత్తం 60 వేల పైచిలుకు మంది వస్తే అందులో ఇంచుమించు పావు వంతు మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు వచ్చిన జిల్లాల్లో ఆర్కాటు, కృష్ణా, గోదావరితో పాటు మన విశాఖపట్నం జిల్లా కూడా ఉంది. మనం అనకాపల్లి జిల్లా అయింది 2022లోనే కదా, అప్పుడు దేవరాపల్లి కూడా ఆ జిల్లాదే. ఒప్పందాన్ని, అంటే అగ్రిమెంటుని, వాళ్లు గిర్మిట్ అన్నారు. ఐదేళ్ల కూలి. ఇచ్చిన పని పూర్తిచేస్తే మగవాళ్లకి రోజుకి షిల్లింగు, ఆడవాళ్లకి తొమ్మిది పెన్నీలు. పూర్తికాకపోతే కోత. మరో ఐదేళ్లు ఉంటేనే తిరుగు ప్రయాణం ఉచితం. ఎక్కువమంది ఉండిపోయారు. మిగిలి ఉన్న గిర్మిట్లన్నీ 1920 జనవరి 1న రద్దయ్యాయి.

తెలుగువాళ్లు 1941లో ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. ఇళ్లలో మాత్రం తెలుగు నిలబడలేదు, దాదాపు అందరూ ఫిజీ హిందీలోకి వెళ్లిపోయారు. ఆజీ తాత విశాఖ వైపు నుంచి వచ్చాడట. ఊరి పేరు ఎవరికీ గుర్తులేదు.

గిర్మిట్ పోయాక కూలీలు దొరక్క సి.ఎస్.ఆర్. తన తోటల్ని పదేసి ఎకరాల ముక్కలు చేసి కౌలుకిచ్చింది. ఇక్కడ మన చెరకు రైతుకీ ఫిజీ రైతుకీ ఉన్న తేడా గమనించండి. శారదా నది పక్కన చెరకు వేసేవాడు ఫ్యాక్టరీ ధర నచ్చకపోయినా, డబ్బు ఆలస్యమైనా గానుగ ఆడించి బెల్లం వండి అనకాపల్లి మార్కెట్‌కి తోలుకోవచ్చు. ఫిజీ రైతుకి మిల్లు తప్ప దిక్కులేదు. మిల్లు కంపెనీదే, రైలు పట్టాలూ కంపెనీవే, కిందనున్న నేల మరొకరిది. 1973లో సి.ఎస్.ఆర్. వెళ్లిపోయి మిల్లులు సర్కారు చేతికి వచ్చాయి. అయినా నేల సంగతి మారలేదు. దేశంలో 80 శాతానికి పైగా భూమి ఇ-తౌకేయి అనే స్థానిక వంశాల ఉమ్మడి ఆస్తి. అది కౌలుకే దొరుకుతుంది. 1976 చట్టం కింద నడిచిన కౌళ్లు 1997 నుంచి ఒకటొకటిగా తీరిపోవడం మొదలైంది. వేలమందికి మళ్లీ ఇవ్వలేదు. భూమి గలవాళ్లకి తమ భూమి తిరిగి కావాలనిపించడంలో తప్పు పట్టలేం. మూడు తరాలుగా అదే మడిలో చెమటోడ్చినవాళ్ల కడుపుమంటనీ తప్పు పట్టలేం. ఇంటి రేకులూ కిటికీ తలుపులూ ఊడదీసుకుని లారీకెక్కించి సువా, నౌసోరి పట్నాల శివార్లకి చేరిన కుటుంబాలు ఎన్నో. 1987 సైనిక తిరుగుబాట్ల తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా దారి పట్టినవాళ్లు మరెందరో.

పెరట్లో మనం నాటిన మామిడి చెట్టు కౌలుతో పాటే పోతుంది. బాతుని గంపలో వేసుకుని వెళ్లిపోవచ్చు. ఈ బాతు ఇక్కడ ఇంతగా పాతుకుపోవడానికి నాకు తోచిన కారణం ఇదే. పిల్లల కోసం హేచరీకి వెళ్లక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, అప్పు అక్కర్లేదు. చెరకు డబ్బు ఏడాది పొడుగునా వాయిదాల్లో వస్తుంది. వాయిదాకీ వాయిదాకీ మధ్య బడి ఫీజు వచ్చిపడితే రెండు పోతులు అమ్ముతారు. పెట్ట సజావుగా ఉంటే ఏడాదికి రెండు మూడు సార్లు పిల్లల్ని దింపుతుంది.

33, 34 రోజులకి గుడ్డు చెవి దగ్గర పెట్టుకుంటే లోపల కిచకిచ వినిపిస్తుంది. పెట్ట కూడా గొంతులోనే సన్నగా బదులు పలుకుతుంది. తర్వాత పెంకు మీద నక్షత్రంలా చిన్న పగులు. అక్కడి నుంచి పిల్ల బయటికి రావడానికి ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర పడుతుంది. ఈ ఆలస్యం చూసి మనం పెంకు ఒలవబోతే నెత్తురు కారి చస్తుంది. ఆ సమయానికి నెత్తురూ, మిగిలిన సొనా పిల్ల ఒంట్లోకి ఇంకుతుంటాయి. వచ్చిన పిల్లలు ఒళ్లారగానే డ్రమ్ము అంచు మీంచి టపటపా కిందికి దూకేస్తాయి. ఆజీ వాటిని సన్నటి ఇనుప వల బోనులోకి తోలుతుంది, ముంగిస నోట పడకుండా.

పెట్టలు ఇంట్లో ఉంటాయి, పోతుల్లో చాలావరకు డిసెంబరు చివర్లో పొయ్యెక్కుతాయి. మనకి కనుమ నాడు కోడో మేకో ఎలాగో, ఇక్కడ కొత్త సంవత్సరానికి బాతు కూర అలాగ. ముక్కలు ఎముకతో సహా చిన్నగా కొట్టి, నీళ్లు పోయకుండా దాని కొవ్వులోనే మగ్గించి, మసాలా పట్టేదాకా ఇగరబెడతారు. దానికి రెండు గంటలు పట్టినా ఎవరూ తొందరపడరు.

ఇదంతా విని మా బంధువు ఒకరు రైవాడ జలాశయం వైపు తోటలో ఈ బాతులు పెంచితే ఎలా ఉంటుందని అడిగారు. పెంచవచ్చు. ఒక పోతుకి నాలుగైదు పెట్టలు చాలు. గుడ్లు కడగొద్దు, పెంకు మీది సహజమైన పొర పోతే క్రిములు లోపలికి వెళ్తాయి. ఒక పక్క రెక్క ఈకలు మాత్రమే కత్తిరించండి, అప్పుడు గోడ దాటి ఎగరలేవు. మామూలు బాతులతో కలిపి వదలకండి. సంకరం పుడితే ఆ పిల్లలు పెరుగుతాయి గానీ వాటికి సంతానం ఉండదు. ముంగిస సంగతి మనకి కొత్త కాదు, అది ఇక్కడికి వచ్చిందే మన దేశం నుంచి. ఫిజీ పెరట్లో అరుదుగా కనిపించేదీ మన పెరట్లో తరచూ ఉండేదీ పాము. కాబట్టి డ్రమ్ము నడుమెత్తున పెడితే సరిపోదు. సాయంత్రం పెట్ట తిరిగి ఎక్కాక మూతికి సన్న కన్నుల ఇనుప వల కట్టండి. పెట్ట బుసకొడుతుంది, ముక్కుతో పొడుస్తుంది కూడా. పట్టించుకోకుండా కట్టేయండి.