అడిగితేనే బొమ్మ

తొంభైల చివర్లో మాదన్నపేట మండీ వెనక సందులో మా అన్నయ్యది విద్యార్థుల షెల్ అకౌంటు. 1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ జనానికి ఇంటర్నెట్ ఇచ్చిన కొత్తలో, బొమ్మలు కనబడే కనెక్షన్ 15,000 రూపాయలు. విద్యార్థులకు 500కే ఇచ్చిన దాంట్లో వచ్చేవి అక్షరాలే. నల్లటి తెర, లింక్స్ అనే బ్రౌజర్, బొమ్మ ఉండాల్సిన చోట బ్రాకెట్లలో ‘ఇమేజ్’ అన్న మాట. స్టార్ మీట నొక్కితే ఆ మాటలు లింకులయ్యేవి. ఎంచుకున్న ఫైలు ముందు వీఎస్ఎన్ఎల్ సర్వర్లో దిగేది, దాన్ని జెడ్‌మోడెం అనే ఫైలు బదిలీ పద్ధతితో ఇంటికి తెచ్చుకుని తెరిచేవాడు. ఇంత తతంగమున్నా, అడగని బొమ్మ ఒక్కటీ రాలేదు.

1991లో మిన్నెసోటా యూనివర్సిటీలో పుట్టిన గోఫర్ అనే ఇంటర్నెట్ వ్యవస్థదీ అదే పద్ధతి: అడిగితేనే బొమ్మ. 1993లో మొజాయిక్ బ్రౌజర్ బొమ్మను పేజీలోనే అతికించింది. చూడ్డానికి బాగుంది, వెబ్ జనంలోకి వెళ్లింది. కానీ ఆ బొమ్మ ఇంకెవరి సర్వర్లోనో ఉండొచ్చు. బ్రౌజర్ మనల్ని అడగకుండానే అక్కడికి వెళ్లి తెస్తుంది. మన ఐపీ అడ్రసు, టైము ఆ సర్వర్ రాసిపెట్టుకుంటుంది. కంటికి ఆనని ఒక్క చుక్క బొమ్మల్ని ఇందుకోసమే పేజీల్లో, ఈమెయిళ్లలో దాచారు. నాకు ఇది దొంగచాటు పనే.

2019లో మొదలైన, వెబ్‌లాగే పేజీలు చదువుకునే జెమినీ ప్రోటోకాల్ దీన్ని కావాలనే వెనక్కి తిప్పింది. కుకీలు లేవు, ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పడం లేదు, బొమ్మ ఒక లింకు మాత్రమే. జెమినీ వాడేవాళ్లలో అసలు బొమ్మలే వద్దనేవాళ్లూ ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను.

మా హైదరాబాదులో 1892లోనే ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ ఘోషా స్త్రీల కోసం జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు, నడిపింది కెన్నీ-లెవిక్ దొరసాని, లోపల సాయానికి ఉన్నదీ ఆడవాళ్లే. ఆ స్త్రీలు ఫొటో వద్దనుకోలేదు. తమ ముఖం ఎవరి కంట పడుతుందన్నదే వాళ్ల పట్టింపు.

అందుకే నాకు లగ్రాంజ్ అనే జెమినీ బ్రౌజర్ నచ్చింది. లింకు నొక్కాకే బొమ్మ తెచ్చి, ఆ వరుస కిందే చూపిస్తుంది. చదువు తెగదు, మనకు తెలియకుండా కబురూ పోదు. రాసేవాళ్లు చెయ్యాల్సింది ఒకటుంది: లింకులో ‘ఫొటో 3’ అని వదిలెయ్యకుండా ‘మాదన్నపేట పాత ఈద్గా, ముందు వైపు, 180 కేబీ’ అని రాయడం. అప్పుడు నొక్కాలో వద్దో చదివేవాళ్లు తేల్చుకుంటారు.