ఉక్కునగరం ఒళ్ళు చేసిన కథ

ఉక్కునగరం చరిత్ర అనగానే 1966 నాటి ఉద్యమం, అమృతరావుగారి నిరాహారదీక్ష, 1971 జనవరిలో ఇందిరాగాంధీ చేసిన శంకుస్థాపన గుర్తుకు వస్తాయి. వాటిని గురించి చాలామందే రాశారు. నేను చెప్పదలచుకొన్నది ఆ నేల మీది మనుషుల నడుము కొలత చరిత్ర. నవ్వకండి, దానికీ తేదీలున్నాయి.

ఉత్తరాంధ్ర మెట్ట పల్లెల్లో శ్రమజీవిని నిలబెట్టినవి చోళ్ళు, గంటెలు. పొద్దున్నే చోడి అంబలి తాగి పొలానికి వెళ్ళేవారు. పేద ఇంట వరి అన్నం పండుగనాటి మాట. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. 2011 నాటికి అది రూపాయికే వచ్చింది. ఆకలిని తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ బియ్యం వెనుక చోళ్ళ గాదె ఖాళీ అయిందన్నది కూడా నిజమే. గాజువాక చుట్టుపట్ల పల్లెల పొలాలు కర్మాగారం కిందికి పోయాయి. నాగలి పట్టిన కుటుంబంలో అదృష్టవంతుడికి షిఫ్టు డ్యూటీ దొరికింది. తిండి మారింది, చెమట తగ్గింది, రాత్రి నిద్ర సి షిఫ్టు పాలయింది.

2007లో క్రిస్టాకిస్, ఫౌలర్ అనే పరిశోధకులు అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌కు చెందిన 12,067 మంది వివరాలను పరిశీలించారు. ఆ లెక్కలు మొదలయ్యేది మన శంకుస్థాపన ఏడాది 1971 నుంచే! మిత్రుడు స్థూలకాయుడైతే తానూ అయ్యే అవకాశం 57 శాతం పెరుగుతుందని, పొరుగింటివాడి ప్రభావం మాత్రం కనబడలేదని వారన్నారు. మరుసటి ఏడాదే ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ తరహా లెక్కలతో మొటిమలు, తలనొప్పి, చివరికి పొడవు కూడా స్నేహితుల ద్వారా 'అంటుకొంటాయని' చూపించి, ఆ పద్ధతినే ప్రశ్నించారు. అంటుకొన్నది అలవాటా, లేక అందరినీ కమ్మిన పరిసరమా?

ఉక్కునగరంలో ఈ ప్రశ్న మరింత చిక్కుపడుతుంది. అక్కడ పొరుగువాడే సహోద్యోగి, తరచుగా మిత్రుడు కూడా. క్యాంటీన్ ఒకటే, జీతాల తేదీ ఒకటే, సెక్టారులో పెళ్ళి భోజనమూ ఒకటే. నా మట్టుకు నేను పరిసరం వైపే మొగ్గుతాను. అయితే మన నాలుకనూ వదలకూడదు. "చిక్కిపోయావేమిటి?" అన్నది మనకు పరామర్శ. "ఒళ్ళు చేశావే!" అన్నది మొన్నమొన్నటి దాకా మెచ్చుకోలు. కరువు చూసిన జాతికి బొజ్జ కలిమికి గుర్తు కావడంలో వింత లేదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువున్న స్త్రీలు 2015-16లో సుమారు 33 శాతం, 2019-21లో సుమారు 36 శాతం. అదే సర్వేలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత! తిండి ఎక్కువై బరువు పెరిగారనడం ఎంత తొందరపాటో ఈ రెండు లెక్కలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. కంచంలో అన్నం కొండంత, పప్పూ కూరా గోరంత.

ఇక ఖర్చు. చక్కెర వ్యాధి, రక్తపోటు, మోకాళ్ళ నొప్పి బరువు వెంట వచ్చే చుట్టాలు. శాశ్వత ఉద్యోగికి కంపెనీ ఆసుపత్రి ఉంది. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారిని ఆదుకొంటుంది. రోజూ మింగే మాత్ర, నెలనెలా రక్తపరీక్ష మాత్రం చాలా ఇళ్ళలో సొంత సంచిలోంచే. భూమి ఇచ్చి, ఉద్యోగం రాక, కూలికి వెళ్ళే నిర్వాసితుడికి మోకాలు పట్టేసిన రోజున మందుల ఖర్చుతో పాటు ఆనాటి కూలీ పోతుంది.